పాత విండోస్ పెట్టెలోని తెలుగు ఫైళ్ళను మ్యాక్‌కు చేర్చే విధానం

చెన్నైలో ఒకప్పుడు తెలుగు డీటీపీ (కంప్యూటరులో అచ్చు పుటలు కూర్చే) పని చేసిన ఇళ్ళలో ఏదో ఒక మూల పాత కంప్యూటరు గుడ్డ కప్పుకొని కనిపిస్తూనే ఉంటుంది. పశ్చిమ మాంబళంలో మా పెదనాన్నగారి ఇంట్లో ఉన్నదీ అటువంటిదే. అందులో విండోస్ 98, పుటలు కూర్చే పేజ్‌మేకర్ ప్రోగ్రాము, అను అనే తెలుగు ఫాంట్లు, వాటితో ఆయన కూర్చిన శుభలేఖలు, పుస్తకాల ప్రూఫులు ఉన్నాయి. వాటిని మా అన్నయ్య కూతురి మ్యాక్‌లోకి చేర్చే బాధ్యత నా మీద పడింది. డిస్కును కొత్త యంత్రానికి తగిలించడం, అందులోని ఫైలు వ్యవస్థను (డిస్కు మీద ఫైళ్ళను అమర్చే పద్ధతిని) ఆ యంత్రం చదవగలగడం, తెరిచిన ఫైలులో తెలుగు తెలుగుగా కనిపించడం అనేవి వేర్వేరు పనులు. చాలామంది మొదటి రెంటికే జంకుతారు గానీ, అసలు శ్రమంతా మూడోదానిలోనే ఉంది.

పాత యంత్రం ఇంకా ఆన్ అవుతూ ఉంటే, దాన్ని విప్పడానికి ముందే కొంత పని ముగించుకోవడం మంచిది. ముఖ్యమైన పేజ్‌మేకర్ ఫైళ్ళను తెరిచి, వాటిలోని పాఠాన్ని టెక్స్ట్ ఫైళ్ళుగా ఎగుమతి చేయాలి. పీడీఎఫ్ చేసే సదుపాయం ఉంటే ఫాంట్లను అందులోనే పొదిగి ఒక ప్రతి తీసుకోవాలి. విండోస్ ఫోల్డరులోని ఫాంట్స్ ఫోల్డరును కూడా కాపీ చేసుకోవడం మరవకూడదు. ఆ ఫాంట్లు లేకపోతే తరవాత ఆ ఫైళ్ళను చూసి పోల్చుకునే దారి ఉండదు.

విండోస్ 98కు పెన్‌డ్రైవ్ పెడితే, దానికి తగిన డ్రైవరు విడిగా ఎక్కించనిదే గుర్తించదు. ఆ డ్రైవరు కోసం వెతకడం కన్నా హార్డ్ డిస్కును బయటికి తీయడమే సులువని నా అభిప్రాయం. ఆ కాలపు డెస్క్‌టాప్ డిస్కులకు 40 పిన్నుల ఐడీఈ కనెక్టరు ఉంటుంది. తరవాత వచ్చిన సాటా డిస్కుల కనెక్టరు సన్నగా, చదునుగా ఉంటుంది. మౌంట్ రోడ్డు పక్కనున్న రిచీ స్ట్రీట్‌లో ఐడీఈ నుంచి యూఎస్‌బీకి మార్చే కన్వర్టరు అడిగి తెచ్చుకోవచ్చు. అయితే అందులో పవర్ అడాప్టరు కూడా ఉందో లేదో అంగట్లోనే చూసుకోవాలి, ఎందుకంటే మూడున్నర అంగుళాల డిస్కుకు 12 వోల్టుల విద్యుత్తు కావాలి, యూఎస్‌బీ పోర్టు ఇచ్చేది 5 వోల్టులే. నేను మొదట యూఎస్‌బీ తీగ ఒక్కటే తగిలించి, డిస్కు ఉలుకూ పలుకూ లేకుండా ఉంటే అది పోయిందనే అనుకున్నాను. అడాప్టరు పెట్టగానే పాత గ్రైండరులా మూలిగి తిరగడం మొదలుపెట్టింది. డిస్కు వెనుక ఉండే చిన్న జంపరును (రెండు పిన్నులను కలిపే తొడుగును) మాస్టర్ స్థానంలో ఉంచాలి. ఆ స్థానాల పటం సాధారణంగా డిస్కు మీది లేబుల్‌పైనే ఉంటుంది.

విండోస్ 98 డిస్కులు ఫ్యాట్ లేదా ఫ్యాట్32 అనే ఫైలు వ్యవస్థలో ఉంటాయి కాబట్టి వాటిని మ్యాక్ ఇబ్బంది లేకుండా చదువుతుంది. విండోస్ ఎక్స్‌పీ నాటి డిస్కులు ఎక్కువగా ఎన్‌టీఎఫ్ఎస్ అనే మరో ఫైలు వ్యవస్థలో ఉంటాయి. మ్యాక్ వాటిని చదువుతుంది గానీ వాటిపై రాయలేదు. దీన్ని లోపమని కొందరు విసుక్కుంటారు కానీ, పాత డిస్కు మీద పొరపాటున ఏదీ చెరిగిపోకుండా ఇది మనకు రక్షణే. డిస్కు చదవడానికి వీలుగా లేదని చెప్పి, దాన్ని ఇనీషియలైజ్ (చెరిపి కొత్తగా సిద్ధం) చేయమని మ్యాక్ గానీ, ఫార్మాట్ చేయమని విండోస్ గానీ అడిగితే ఎట్టి పరిస్థితిలోనూ ఒప్పుకోకూడదు. అక్కడినుంచి ఫైళ్ళను రెండు రకాల యంత్రాలకూ మోసుకెళ్ళే పెన్‌డ్రైవ్‌ను, విండోస్, మ్యాక్ రెండూ చదివి రాయగల ఎక్స్‌ఫ్యాట్‌లో ఫార్మాట్ చేసుకోవాలి. ఫ్యాట్32లో 4 జీబీ దాటిన ఒక్క ఫైలు కూడా పట్టదు.

ఇక తెలుగు సంగతి. మ్యాక్‌లో టెక్స్ట్ ఫైలు తెరవగానే కొమ్ములూ చుక్కలూ ఉన్న ఇంగ్లీషు అక్షరాల గుంపు కనిపిస్తుంది. ఫైలు చెడిపోలేదు. పాత ఫాంట్లు ఇంగ్లీషు అక్షరాలకు కేటాయించిన సంకేతాల చోట తెలుగు అక్షరాల ముక్కలను కూర్చి పెట్టుకున్నాయి. ఆ ఫాంటు లేని చోట కంప్యూటరు ఆ సంకేతాలను ఇంగ్లీషుగానే చూపుతుంది. వేర్వేరు లిపులకు వేర్వేరు సంకేతాలు కేటాయించే ఉమ్మడి ప్రమాణమైన యూనికోడ్‌లో తెలుగుకు 128 స్థానాల సొంత గడి ఉంది, అందుచేత పాఠాన్ని యూనికోడ్‌కు మార్చుకుంటే ఏ యంత్రంలోనైనా తెలుగు ఫాంటు ఉంటే చాలు. మార్చే కన్వర్టర్లు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి, కానీ మీ ఫైలులో వాడిన ఫాంటు ఏదో, ఏ వెర్షనుదో సరిగ్గా ఎంచుకోకపోతే ఫలితం మరింత గందరగోళంగా తయారవుతుంది.

మార్చిన పాఠాన్ని పీడీఎఫ్ పక్కన పెట్టుకొని ప్రూఫు దిద్దినంత శ్రద్ధగా చదవాలి. పాత ఫాంట్లు ‘మ’, ‘ఘ’ వంటి అక్షరాలను తరచుగా రెండు మూడు ముక్కలు అతికించి చూపేవి. అందువల్లనే మా పెదనాన్నగారి శుభలేఖ ఒకదానిలో ‘మహోత్సవం’ కాస్తా ‘వుహోత్సవం’ అయి కూర్చుంది. ర వత్తులు, క్ష ఉన్న మాటలను ప్రత్యేకంగా చూడాలి. దిద్దిన తరవాత యూనికోడ్ పాఠాన్ని ఫైలులో రాసే పద్ధతైన యూటీఎఫ్-8లో భద్రపరచాలి. ఆ పద్ధతిలో ఒక్కొక్క తెలుగు సంకేతానికి 3 బైట్లు పడుతుంది కనుక ‘అమ్మ’ అనే మాట, పొల్లుతో కలిపి నాలుగు సంకేతాలై, 12 బైట్లు తీసుకుంటుంది. ఫైలు పరిమాణం పెరిగిందని కంగారు పడనక్కరలేదు.

ఫైళ్ళ పేర్లలో కోలన్, ప్రశ్నార్థకం, నక్షత్రం గుర్తులు ఉంటే విండోస్ ఒప్పుకోదు. మ్యాక్‌లో కొత్తగా పేర్లు పెట్టేటప్పుడు వాటిని వాడకపోతే రేపు ఆ ఫైళ్ళు విండోస్‌కు తిరిగి వెళ్ళవలసి వచ్చినా చిక్కు ఉండదు.

కాపీ పూర్తయ్యాక రెండు వైపులా ఫైళ్ళ సంఖ్యనూ, మొత్తం బైట్లనూ పోల్చాలి. డిస్కుపై ఆక్రమించిన స్థలం వేర్వేరుగా కనిపించవచ్చు; అది ఆయా ఫైలు వ్యవస్థలు స్థలం పంచే తీరువల్ల వచ్చిన తేడా. బైట్ల లెక్కే ప్రమాణం. మరో డిస్కు మీద ఇంకొక ప్రతి తీసేవరకు పాత హార్డ్ డిస్కును ఎవరికీ ఇవ్వకుండా, వాడిన ఫాంటు పేరు, వెర్షను చీటీ మీద రాసి దానికి అంటించి, తేమ తగలని చోట దాచాలి.