మూడు సింగిల్ మాల్ట్‌లు, ఒక దొంగ గ్లాసు: బ్లైండ్ టేస్టింగ్ ఎలా చేయాలి?

సింగిల్ మాల్ట్ అంటే మొలకెత్తిన బార్లీతో ఒకే డిస్టిలరీలో తీసి, ఓక్ పీపాల్లో పండించే విస్కీ. మా బ్యాచ్‌లో 18 ఏళ్ల మాల్ట్ సీసా బల్ల మీదికి వచ్చిందంటే చాలు, మూత తియ్యకముందే తీర్పు వచ్చేస్తుంది: "అబ్బ, ఎంత స్మూత్‌రా!" ఒక సిట్టింగ్‌లో ఏ గ్లాసులో ఏముందో తెలియకుండా (బ్లైండ్ టేస్టింగ్ అంటే అదే) సీసాలన్నీ వంటింట్లో దాచేసి, మూడు మాల్ట్‌ల పక్కన నాలుగో గ్లాసులో కోన్యాక్ (ద్రాక్షతో చేసే ఫ్రెంచ్ బ్రాందీ) పోయించాను. పోసింది మా ఆవిడ. తాగినవాళ్లం ఐదుగురం. నాలుగింటిలో ఒకటి దొంగ అని తెలిసి కూడా ముగ్గురం ఆ కోన్యాక్‌నే "అన్నిటికంటే పాత మాల్ట్" అని రాశాం. ఆ ముగ్గురిలో నేనూ ఉన్నాను. పైగా ఆ సీసా కొన్నది నేనే.

అప్పటినుంచి మాల్ట్‌లను మాల్ట్‌లతోనే పోల్చడం మానేశాను. వేరే జాతి మందు ఒకటి మధ్యలో దూరితేనే, మనం మెచ్చుకుంటున్న రుచి బార్లీదా, పీపాదా అన్న అనుమానం మొదలవుతుంది. ఇంట్లో చేసుకునే పద్ధతి ఇదీ.

1. సీసాలు ఎంచుకోండి

మూడు మాల్ట్‌లు, ఒక దొంగ. అంతకు మించితే ముక్కు మొరాయిస్తుంది. మేము పెట్టినవి మూడూ స్కాచ్‌లే: బాల్వెనీ డబుల్‌వుడ్ 12, గ్లెన్‌ఫార్‌క్లాస్ 15, గ్లెన్‌లివెట్ 18. లాగవులిన్ 16 లాంటి పొగ వాసన కొట్టే మాల్ట్ నాకు ప్రాణం, కానీ ఈ ఆటకి పనికిరాదు. గ్లాసు ఎత్తకముందే పేరు చెప్పేస్తారు.

దొంగ కూడా మరీ సులువుగా దొరికిపోకూడదు. చాలా రమ్ముల్లో చక్కెర కలుపుతారు. స్కాచ్‌లో అయితే నీళ్లు, కారమెల్ రంగు తప్ప ఇంకేదీ కలపడానికి చట్టం ఒప్పుకోదు. అందుకే నాలుక్కి తీపి తగిలిందంటే రమ్ము పట్టుబడిపోతుంది. కోన్యాక్‌లోనూ కాస్త చక్కెర కలపనిస్తారు గానీ అంతగా బయటపడదు. ఎక్స్‌ఓ రకమైతే గట్టి పోటీ. 2018 నుంచి ఎక్స్‌ఓ అని రాయాలంటే అందులోని అతి చిన్న వయసు సరుకు కూడా కనీసం 10 ఏళ్లు పీపాలో ఉండాలి. అదీ రాగి పాట్ స్టిల్‌లో (కుండలాంటి బట్టీలో) రెండుసార్లు డిస్టిల్ చేసిందే, ఓక్ పీపాలో పండిందే. చాలా సింగిల్ మాల్ట్‌ల కథా అదే. ఒకటి మొలకెత్తిన బార్లీ, ఇంకోటి ద్రాక్ష, అంతే తేడా. షెర్రీ అనే స్పెయిన్ వైన్ పీపాలో ఏళ్ల తరబడి ఉన్న మాల్ట్‌కి ఆ ద్రాక్ష వాసన కూడా అంటుకుంటుంది. మేము బోల్తా పడింది అక్కడే.

2. ఘాటు సమానం చేయండి

దీన్ని దాదాపు అందరూ వదిలేస్తారు. గ్లెన్‌ఫార్‌క్లాస్ 15 లో ఆల్కహాల్ 46 శాతం, కోన్యాక్‌లో మామూలుగా 40. అలాగే పోస్తే రుచి సంగతి తర్వాత, ముక్కుకి ఏది ఘాటుగా తగిలిందో చూసి ఊహించేస్తారు. లేబుల్ మీది శాతం చూసి, ఎక్కువ ఉన్నదాంట్లో నీళ్లు కలిపి దించండి. 46 ని 40 కి తేవాలంటే 100 మి.లీ. కి 15 మి.లీ. నీళ్లు. మందుల షాపులో దొరికే సూది లేని సిరంజి ఇందుకు బాగుంటుంది. ముందురోజు రాత్రే కలిపి చిన్న సీసాలో పెట్టుకుంటే ఇంకా మేలు.

3. పోసేవాళ్లు, గ్లాసులు

పోసే మనిషి తాగకూడదు. ఇంట్లో మందు ముట్టనివాళ్లు ఉంటే వాళ్లని మించిన అంపైర్లు లేరు. గ్లాసు అడుగున చిన్న స్టిక్కర్ మీద అ, ఆ, ఇ, ఈ రాయించండి. ఏ అక్షరం ఏ సీసాదో వాళ్ల చీటీలోనే ఉండాలి. వడ్డించేటప్పుడు కూడా వాళ్లు మన ఎదురుగా నిలబడకూడదు. మా ఆవిడ కోన్యాక్ గ్లాసు పెట్టేటప్పుడు ముసిముసిగా నవ్విందని ఒకడు ఇప్పటికీ గొడవ పెడతాడు.

గ్లాసులన్నీ ఒకేలా ఉండాలి. మూతి సన్నబడే గ్లెన్‌కెయిర్న్ గ్లాసులు ఉంటే సరే, లేకపోతే చిన్న వైన్ గ్లాసులు. పోసేముందు ఖాళీ గ్లాసు వాసన చూడండి. గిన్నెల సబ్బు వాసన, అల్మారా వాసన తగిలితే మళ్లీ కడగాల్సిందే.

గ్లాసుల చుట్టూ అల్యూమినియం ఫాయిల్ చుట్టండి. ముదురు రంగు కనబడగానే పాతదని మనసు లెక్క వేసేస్తుంది, ఆ రంగేమో కారమెల్ కలిపితే కూడా వస్తుంది. 2001 లో బోర్డోలో 54 మంది వైన్ విద్యార్థులకు తెల్ల వైన్‌లో ఎర్ర రంగు కలిపి ఇస్తే, దాన్ని రెడ్ వైన్‌కి వాడే మాటలతోనే వర్ణించారట. చదువుకున్నవాళ్ల సంగతే అది.

మనిషికి గ్లాసుకి 15 మి.లీ. చాలు. నాలుగూ కలిపితే 60, అంటే ఒక లార్జ్. ఒక లార్జే కదా అని బండి తియ్యకండి, క్యాబ్ పిలవండి.

4. ముక్కు ముందు, నాలుక తర్వాత

పోశాక సాసర్లు మూత పెట్టి పది నిమిషాలు వదిలెయ్యండి. మిర్చీ బజ్జీ, చికెన్ 65 లాంటి స్టఫ్ అంతా అయ్యాకే రావాలి. అంతవరకు మంచినీళ్లు, ఉప్పు లేని బ్రెడ్ ముక్క.

వాసన చూసేటప్పుడు నోరు కొంచెం తెరిచి ఉంచితే ఘాటు తగ్గుతుంది. ముక్కు లోపల దూర్చకండి. తోచింది వెంటనే కాగితం మీద రాయండి, ఎవరూ మాట్లాడకూడదు. గట్టి గొంతు వాడు ఒకడు "వెనిల్లా" అంటే అందరికీ వెనిల్లానే వస్తుంది. మాటలు మన వంటింటి నుంచే తెచ్చుకోండి. అమెరికన్ ఓక్‌కి వేయించిన కొబ్బరి వాసన నిజంగానే ఉంటుంది. షెర్రీ పీపాకి ఎండుద్రాక్ష, ఖర్జూరం. గ్లెన్‌ఫార్‌క్లాస్‌కి మావాడు ఒకడు "సంక్రాంతి అరిసెల పాకం" అని రాశాడు, అంతకంటే బాగా నేను రాయలేను.

తర్వాత చిన్న గుక్క. నోట్లో కాసేపు తిప్పి మింగండి, లేదా పక్కన కప్పులో ఉమ్మండి. రెండో రౌండ్ వెనకనుంచి ముందుకి చూడండి, మొదటి గ్లాసుకి ఎప్పుడూ కాస్త అన్యాయం జరుగుతుంది.

5. చీటీలు, ఆ తర్వాత సీసాలు

మూడే ప్రశ్నలు: దొంగ ఏది? అన్నిటికంటే పాతది ఏది? మీ డబ్బుతో ఏది కొంటారు? పక్కన పదికి మార్కులు. చీటీలు మడిచి ఇచ్చాకే సీసాలు బయటికి రావాలి, ధరలు చిట్టచివర.

వయసు ప్రశ్నలో తప్పినవాళ్లు బాధపడనక్కర్లేదు. లేబుల్ మీది సంఖ్య అందులోని అతి చిన్న విస్కీ వయసు మాత్రమే. చలిదేశంలో పీపా నిదానంగా పనిచేస్తుంది. స్కాట్లాండ్‌లో ఏడాదికి సుమారు 2 శాతం ఆవిరైపోతే, బెంగళూరులో సింగిల్ మాల్ట్ తీసే అమృత్ వాళ్ల పీపాల్లో అది 10 శాతం దాటుతుంది. అందుకే అక్కడి ఐదేళ్లనీ స్కాట్లాండ్ ఐదేళ్లనీ ఒకే గాట కట్టలేం.

రెండోసారి ఆడేటప్పుడు ఎవరికీ చెప్పకుండా ఒకే మాల్ట్‌ని రెండు గ్లాసుల్లో పోయించండి. మా దగ్గర ఒకడు మొదటిదానికి 8 వేశాడు, రెండోదానికి 5. పక్కనే "చీప్ సరుకు, తలనొప్పి గ్యారంటీ" అని రాసి సంతకం కూడా పెట్టాడు.