చలికాలంలో డెత్ వ్యాలీ: పొద్దు చూసుకుని ప్లాన్ చేయండి

అమెరికాలో కాలిఫోర్నియాలోని డెత్ వ్యాలీ నేషనల్ పార్కుకి వెళ్లాలంటే చలికాలమే అదను. 1913 జులైలో 56.7 డిగ్రీలు నమోదైన, పార్కు లోపలి ఫర్నేస్ క్రీక్‌లోనే డిసెంబరులో పగలు 18, రాత్రి 4 డిగ్రీల దగ్గర ఉంటుంది. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు కూడా హాయిగా తిరగగలరు. చిక్కల్లా పగటితోనే. డిసెంబరులో సాయంత్రం నాలుగున్నరకే పొద్దు గుంకుతుంది. లాస్ వేగాస్ నుంచి వెళ్లడానికే రెండు గంటలు పడుతుంది కాబట్టి, ఒక్కరోజులో చుట్టేసి వద్దామనుకుంటే సగం పార్కు చీకట్లో కలిసిపోతుంది. ఒక రాత్రి లోపలే ఉండండి. ఫర్నేస్ క్రీక్‌లో గానీ స్టవ్‌పైప్ వెల్స్‌లో గానీ గదిని నెలల ముందే బుక్ చేసుకోవాలి. క్రిస్మస్ వారంలో అప్పటికప్పుడు దొరకడం కష్టం.

దారిలో పహ్రంప్ ఊళ్లో ట్యాంకు నిండా పెట్రోలు కొట్టించండి. పార్కులోనూ బంకులున్నాయి గానీ ధర బాగా ఎక్కువ. ఫోను సిగ్నల్ చాలాచోట్ల అందదు, అందుకే మ్యాపు ముందే డౌన్‌లోడ్ చేసుకోవాలి. మ్యాపు దగ్గరిదారి అని మట్టిరోడ్డు చూపిస్తే మాత్రం వెళ్లకండి. అక్కడి రాళ్లు టైర్లను చీల్చేస్తాయి. మనిషికి రోజుకు నాలుగు లీటర్ల నీళ్లు పెట్టుకోండి. చలిలో దాహం తెలియదు, గాలి మాత్రం పొడిగా ఉండి ఒంట్లో నీరు లాగేస్తుంది. పెదాలకు వాజ్‌లైన్, తినడానికి పులిహోర ఉంటే నిశ్చింత. పార్కు ప్రవేశ రుసుం కారుకు ఏడు రోజులకు 30 డాలర్లు, కార్డుతోనే కట్టాలి.

మొదటిరోజు మధ్యాహ్నానికి చేరి నేరుగా బ్యాడ్‌వాటర్ ఉప్పు మైదానానికి వెళ్లండి, ఫర్నేస్ క్రీక్ నుంచి 17 మైళ్లు. పొద్దున వెళ్తే తూర్పు కొండల నీడ ఉప్పు మీద పడి అంతా బూడిదరంగులో కనిపిస్తుంది. కారు దిగగానే వెనక్కి తిరిగి కొండ మీదకు చూడండి, ఎక్కడో పైన చిన్న తెల్లబోర్డు ఉంటుంది. సముద్రమట్టం అక్కడ, మీరు దానికి 282 అడుగుల కింద! పార్కింగ్ దగ్గర ఉప్పు జనం తొక్కి తొక్కి చదునైపోయింది. మైలు దూరం నడిస్తేనే అంచులు ముగ్గుగీతల్లా పైకి లేచిన పలకలు కనిపిస్తాయి. అంచులు గరుకుగా ఉంటాయి, చెప్పులు వద్దు, బూట్లే వేసుకోవాలి. వాన పడ్డాక తడి ఉప్పులో అడుగు పెట్టకండి. కాలు దిగబడుతుంది, ఆ గుర్తులు చాలాకాలం ఉండిపోతాయి.

తిరుగుదారిలో రంగుల కొండల మధ్య సాగే ఆర్టిస్ట్స్ డ్రైవ్ రోడ్డు, తొమ్మిది మైళ్లు. అది వన్‌వే, దక్షిణం వైపు నుంచే ఎక్కాలి, అందుకే బ్యాడ్‌వాటర్ తర్వాత పెట్టుకోమనేది. పచ్చ, గులాబి రంగుల మన్ను సాయంత్రపు ఎండలోనే తేలుతుంది. సూర్యుడు అస్తమయం కంటే ముందే పడమటి కొండల చాటుకు పోతాడు కాబట్టి మూడింటికల్లా అక్కడుండాలి.

రెండోరోజు తెల్లవారకముందే జబ్రిస్కీ పాయింట్ అనే వ్యూపాయింట్‌కు చేరండి. సూర్యుడు మీ వీపు వెనక ఉదయిస్తాడు. ముందు ఎదురుగా దూరపు శిఖరాలు ఎర్రబడి, తర్వాత వెలుగు మెల్లగా కిందికి దిగుతుంది. అక్కణ్నుంచి మెస్కీట్ ఇసుక దిబ్బలకు వెళ్లండి. ఎండ ఏటవాలుగా ఉన్నంతసేపే ఇసుక మీది అలలు తెలుస్తాయి.

ఇంటిదారిలో కొండ మీది వ్యూపాయింట్ డాంటేస్ వ్యూ, 5,475 అడుగుల ఎత్తు. లోయలో స్వెటర్ చాలినా ఇక్కడ మందపాటి జాకెట్, మంకీ క్యాప్ కావాలి. రోడ్డు చివరి పావుమైలు నిట్టనిలువు ఎక్కుడు. దిగేటప్పుడు బ్రేకు నొక్కిపెడితే కాలిన వాసన వస్తుంది, అందుకే లో గేరులోనే దిగండి.