ఇంట్లో కోవిడ్ రోగి ఉంటే: నోట్‌బుక్కులో రాయాల్సినవి, ఆసుపత్రికి కదలాల్సిన వేళ

పాజిటివ్ అని తేలగానే ఇంటిల్లిపాదికీ గుండె జారిపోతుంది. భయపడకండి. ఎక్కువమందికి ఈ జబ్బు జ్వరం మాత్రతో, విశ్రాంతితో ఇంట్లోనే తగ్గిపోతుంది. కొద్దిమందికే ఊపిరితిత్తుల్లోకి దిగుతుంది. మీవాళ్లు ఆ కొద్దిమందిలో ఉన్నారేమోనని మొదటి రోజే సీటీ స్కాన్‌కు పరుగెత్తనక్కర్లేదు. రోజుకు 4 సార్లు మీరు రాసిపెట్టే అంకెలే ఆ సంగతి ముందుగా చెబుతాయి. ఫోన్లో డాక్టరు సరైన సలహా ఇవ్వాలన్నా ఆ అంకెలే కావాలి.

నోట్‌బుక్కు మొదటి పేజీలో మొదటి లక్షణం కనిపించిన తేదీ వేయండి. ఒళ్లునొప్పులో, గొంతు గరగరో, చలిజ్వరమో, ఏది ముందొస్తే అది. అదే 1వ రోజు. రిపోర్టు వచ్చిన రోజు నుంచి లెక్కపెడితే రెండు మూడు రోజులు తేడా పడుతుంది. పరిస్థితి విషమించేది ఎక్కువగా 5వ రోజుకూ 10వ రోజుకూ మధ్య కాబట్టి ఆ తేడా చిన్నదేమీ కాదు. జ్వరం తగ్గింది కదా అని 6వ రోజున నోట్‌బుక్కు మూసేయకండి.

పేజీలో గళ్లు గీసుకోండి: సమయం, జ్వరం, ఆక్సిజన్, నాడి, నిమిషానికి శ్వాసలు, వేసిన మందు. జ్వరం మాత్ర వేయకముందే చూడండి, వేశాక చూస్తే అసలు జ్వరం ఎంతో తెలియదు.

రక్తంలో ఆక్సిజన్ శాతం చూపే ఆక్సీమీటర్‌ను ముందు ఆరోగ్యంగా ఉన్న ఒకరి వేలికి పెట్టి చూడండి. అక్కడ 97, 98 వస్తే పరికరం బాగున్నట్టే. రోగిని 5 నిమిషాలు కదలకుండా కూర్చోబెట్టి, చూపుడువేలికో నడిమివేలికో పెట్టి, చెయ్యి ఛాతీ ఎత్తులో ఆనించి ఉంచండి. అంకె నిలకడగా ఆగాక, అంటే సుమారు నిమిషం తర్వాత రాసుకోండి. గోళ్లరంగు, ముదురుగా పండిన గోరింటాకు, చల్లబడిన వేళ్లు, అయిపోవచ్చిన బ్యాటరీ, ఇవన్నీ తప్పు అంకె చూపిస్తాయి. వేళ్లు చల్లగా ఉంటే అరచేతులు రుద్ది వెచ్చబరచండి.

ఇంకో రెండు పొరపాట్లు ఇళ్లలో తరచూ జరుగుతాయి. తెరమీద రెండు అంకెలుంటాయి: శాతం గుర్తు ఉన్నది ఆక్సిజన్, రెండోది నాడి. నాడి 78 చూసి ఆక్సిజన్ పడిపోయిందనుకుంటారు. అంతకన్నా ప్రమాదం, నాడి 98 చూసి ఆక్సిజన్ బాగుందనుకోవడం. రెండో పొరపాటు, ఎదురుగా కూర్చుని తలకిందులుగా చదవడం. 98ని అటునుంచి చూస్తే 86లా కనిపిస్తుంది. అంబులెన్సుకు ఫోన్ చేసేముందు రోగి పక్కకు వచ్చి ఒకసారి చదవండి.

చామనఛాయ, నలుపు ఒంటిరంగు వారిలో ఈ పరికరం ఉన్నదానికంటే కొంచెం ఎక్కువ చూపించవచ్చు. అందుకే ఒక్క అంకెను కాక, వరసగా దిగుతోందా లేదా అన్నది చూడాలి. నిన్న 98, పొద్దున 96, ఇప్పుడు 94 అయితే, 94 బాగానే ఉందిగా అని ఊరుకోవద్దు, డాక్టరుకు చెప్పండి. మళ్లీ మళ్లీ చూసినా 93, అంతకంటే తక్కువ ఉంటే ఆసుపత్రికి వెళ్లాలి. 90 కంటే దిగితే క్షణం ఆగకూడదు. ముందునుంచే ఊపిరితిత్తుల జబ్బున్నవారికి ఈ లెక్క వేరుగా ఉండవచ్చు, మీ డాక్టరును అడిగి అంకె రాసి పెట్టుకోండి.

కూర్చున్నప్పుడు 95కు పైన ఉన్నవారికి రోజుకోసారి నడక పరీక్ష చేయండి. గదిలోనే 6 నిమిషాలు, పెద్దవాళ్లయితే 3 నిమిషాలు, పక్కన మనిషి ఉండగా మామూలుగా నడిపించాలి. అంకె 93 కిందికి దిగినా, మొదటిదానికంటే 3 పాయింట్లకు మించి పడినా, దమ్ము వచ్చినా ఆపేసి డాక్టరుకు ఫోన్ చేయండి. ఇప్పటికే ఆయాసపడుతున్న మనిషిని నడిపించకండి.

శ్వాసలు లెక్కపెడుతున్నట్టు రోగికి చెబితే తెలియకుండానే ఊపిరి మారిపోతుంది. నాడి చూస్తున్నట్టు మణికట్టు పట్టుకుని, పొట్ట ఎన్నిసార్లు లేస్తోందో నిండు నిమిషం లెక్కించండి. పెద్దవారికి 12 నుంచి 20 మామూలు. 24 అయితే డాక్టరుకు చెప్పాలి. 30 దాటితే నేరుగా ఆసుపత్రే. కోవిడ్‌లో ఆక్సిజన్ పడిపోయినా మనిషి ఏమీ ఎరగనట్టు ఫోన్లో కబుర్లు చెప్పడం ఉంది, కాబట్టి "నాకు బాగానే ఉంది" అన్న మాటమీద అంకెలు చూడటం మానకండి. అంకెలు బాగున్నా సరే ఛాతీలో నొప్పి, పెదాలు నాలుక నీలిరంగుకు తిరగడం, పొంతన లేని మాటలు, పిలిచినా లేవకపోవడం కనిపిస్తే వెంటనే కదలాలి.

మందుల దగ్గర మేము గట్టిగా చెప్పేది ఇదే. పెద్దవారికి జ్వరానికి పారాసిటమాల్ 650 మిల్లీగ్రాములు, 6 గంటల ఎడంతో, రోజుకు 4కు మించకుండా. జలుబు మాత్రల్లో కూడా చాలావాటిలో పారాసిటమాల్ ఉంటుంది, అట్ట వెనక చదవకపోతే మోతాదు రెట్టింపవుతుంది. కాలేయ జబ్బుంటే ముందు అడగండి. బీపీ, షుగర్ మందులు సొంతంగా ఆపవద్దు.

స్టెరాయిడ్ మాత్ర పక్కింటివారి చీటీ చూసి కొనకండి. డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ ప్రాణాలు కాపాడుతుందని 2020లో తేలింది ఆక్సిజన్ అవసరమైన రోగుల్లో, ఆక్సిజన్ అక్కర్లేనివారికి మేలు చేయలేదు. తొందరపడి వేస్తే షుగర్ ఎగబాకుతుంది. 2021లో బ్లాక్ ఫంగస్ అనే బూజు జబ్బు అంతగా పెరగడానికి అదుపులేని షుగర్, మితిమీరిన స్టెరాయిడ్లు ముఖ్య కారణాలు. యాంటీబయాటిక్ వైరస్‌ను చంపదు. ఆవిరి కూడా చంపదు. మరిగే గిన్నె ఒలికి పిల్లలకు ఒళ్లు కాలడం మాత్రం జరుగుతుంది.

రెండు గదుల పోర్షన్‌లో వేరే బాత్రూం దొరకదు. రోగి చివరన వాడి, కిటికీ తెరిచి, ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేసి రావాలి. రోగి గదిలోకి వెళ్లేవారు ఎన్‌95 మాస్కు, ముక్కు దగ్గర వదులు లేకుండా పెట్టుకోవాలి. ఎండాకాలమైతే కూలర్ కిటికీ బయటినుంచి గాలి లాగేలా ఉండాలి, ఎదురు కిటికీ తెరిచి ఉంచాలి. తలుపులన్నీ మూసి ఏసీ వేస్తే అదే గాలి తిరుగుతుంది. తుడిచేటప్పుడు బ్లీచింగ్‌తో బాత్రూం యాసిడ్ కలపకండి, క్లోరిన్ వాయువు పుట్టి ఊపిరితిత్తులనే దెబ్బతీస్తుంది. తిండి సంగతి తేలిక: రాగిజావ, మజ్జిగ, పప్పన్నం, గుడ్డు, ఏది దిగితే అది. విరేచనాలుంటే లీటరు కాచి చల్లార్చిన నీటిలో 6 చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, రెండూ చిన్న చెంచాతో తలకొట్టి.

కదలాల్సిన వేళ వస్తే 108కి ఫోన్ చేయండి. ఇంటి నంబరు కన్నా గుర్తు ముఖ్యం: ఫలానా పిల్లర్ నంబరు దగ్గర ఎడమ గల్లీ, గుడి వెనక, మసీదు ఎదురుగా. ఒకరు రోడ్డుమీదికెళ్లి నిలబడాలి. లిఫ్టు లేని మూడో అంతస్తు నుంచి రోగిని నడిపించి దించకండి, మెట్లమీద ఆక్సిజన్ ఇంకా పడిపోతుంది. కుర్చీలో కూర్చోబెట్టి ఇద్దరు పట్టుకుని దించండి.

వాహనం వచ్చేలోపు బోర్లా పడుకోబెట్టండి. మెడ కింద ఒక దిండు, ఛాతీ నుంచి తొడల దాకా ఒకటో రెండో, మోకాళ్ల కింది భాగానికి రెండు. వీపు వైపున్న ఊపిరితిత్తుల భాగం తెరుచుకుని ఆక్సిజన్ కొంత పెరుగుతుంది. గర్భిణులు, తీవ్రమైన గుండెజబ్బు లేదా వెన్ను, తుంటి విరిగినవారు, తిని గంట కానివారు ఇలా పడుకోకూడదు. అంకె పెరిగింది కదా అని ప్రయాణం మానుకోకండి. మందుల చీటీలు, ఆధార్, ఫోన్ ఛార్జర్‌తో పాటు నోట్‌బుక్కూ పెట్టండి. డ్యూటీ డాక్టరు ముందు అడిగేది ఎన్నో రోజు అనే.

ఇంట్లోనే కోలుకున్నవారికి, 2022 జనవరి కేంద్ర నిబంధనల ప్రకారం, పాజిటివ్ వచ్చి 7 రోజులు గడిచి, వరసగా 3 రోజులు జ్వరం లేకపోతే ఒంటరిగా ఉండటం చాలు. మళ్లీ పరీక్ష అక్కర్లేదు. ఆక్సీమీటర్ లోపలి బ్యాటరీలు తీసి విడిగా పెట్టండి. లోపలే వదిలేస్తే కారిపోయి పరికరం పాడవుతుంది.