ఇంటర్వ్యూలో ఒళ్లు మాట వినడం లేదా? ముందు ఊపిరి వదలండి

తిరుపతిలో డిప్లొమా, డిగ్రీ పిల్లలను ఇంటర్వ్యూలకు తయారుచేయడం నా పని. రెజ్యూమె ఎలా రాయాలి, తలుపు తీసి లోపలికి ఎలా వెళ్లాలి అన్నవి ఇక్కడ చెప్పను, అవి మీకు తెలుసు. సబ్జెక్టు బాగానే వచ్చి, తీరా కుర్చీలో కూర్చున్నాక బిగుసుకుపోయేవాళ్ల కోసం ఇది.

సమస్య: చేతులు వణుకు, గుండె దడ, కడుపులో తిప్పినట్టుండటం

నా మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే. పొద్దున ఏం తిన్నావు? "టెన్షన్‌లో ఏమీ దిగలేదన్నా, కాఫీ తాగినా." ఇంకేం చెప్పాలి!

ఫ్యాక్టరీలుండే శ్రీసిటీ తిరుపతి నుంచి 70 కిలోమీటర్ల పైమాటే. తెల్లారకముందే బస్సెక్కుతారు. పదింటికి రమ్మన్నవాళ్లు పన్నెండున్నరకు పిలుస్తారు. ఈలోపు ఇంకో రెండు కాఫీలు పడతాయి. ఖాళీ కడుపు మీద అంత కాఫీ పడితే గుండె దడదడలాడుతుంది, వేళ్లు వణుకుతాయి. అది చూసుకుని మనవాడు భయమేస్తోందనుకుంటాడు. అనుకున్నాక నిజంగానే వేస్తుంది.

నాలుగు ఇడ్లీ తినండి. రెండు అరటిపండ్లు బ్యాగులో వేసుకోండి. కాఫీ రోజూ ఎంత తాగుతారో అంతే తాగండి. నెయ్యి పొంగలి మాత్రం ఆ పూటకు వద్దు, పిలుపు వచ్చేలోపు కునుకు పడుతుంది. ఇంత చిన్న సంగతి ఎన్నేళ్లుగా చెబుతున్నా ఇప్పటికీ ఖాళీ కడుపుతోనే వెళ్తున్నారు.

సమస్య: తల తేలిపోవడం, వేళ్ల తిమ్మిర్లు, నోరెండిపోవడం, వచ్చిన జవాబు కూడా గుర్తురాకపోవడం

టిఫిన్ తిన్నా ఇలా అవుతోందంటే అసలు దొంగ వేరే ఉన్నాడు. నన్ను బాగా దెబ్బతీసింది వీడే.

చాలా ఏళ్లు నేను కూడా "లోపలికి వెళ్లే ముందు గట్టిగా ఊపిరి పీల్చుకో" అని చెప్పి పంపేవాణ్ణి. ఒకసారి పుత్తూరు అబ్బాయి ఒకడు ఫ్యాక్టరీ గేటు దగ్గర నుంచి ఫోన్ చేశాడు. "అన్నా, మీరు చెప్పినట్టే అరగంట నుంచి గాలి పీలుస్తానే ఉండా. ఇంకా ఎక్కువైందన్నా. పెదాలు కూడా జివ్వుమంటా ఉండాయి." నాకేం తోచలేదు, ధైర్యంగా ఉండమన్నాను. వాడు లోపలికి వెళ్లి పేరు, ఊరు చెప్పి ఆగిపోయాడట. తప్పు వాడిది కాదు, నాది.

కంగారులో ఊపిరి ఎలాగూ వేగంగా ఆడుతుంది. దాని మీద ఇంకా గట్టిగా పీల్చి వదులుతుంటే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ మరీ తగ్గిపోతుంది. అది తగ్గితే మెదడుకు వెళ్లే రక్తనాళాలు ముడుచుకుంటాయి. తల తేలిపోవడం, తిమ్మిర్లు, గాలి చాలనట్టు అనిపించడం, అన్నీ దాని పనే. గాలి చాలడం లేదని ఇంకా పీలుస్తాం, అది కూడా నోటితో. ఇక నోరు ఎండక ఏమవుతుంది?

ఇదేనా కాదా అని చూసుకోవడం తేలిక. ఒక చెయ్యి ఛాతీ మీద, ఒక చెయ్యి పొట్ట మీద పెట్టుకోండి. పై చెయ్యి లేస్తూ కింది చెయ్యి కదలకపోతే అనుమానించండి. ఊరికే నిట్టూర్పులు, ఆవలింతలు వస్తుంటే ఇంకా అనుమానించండి.

ఇదే అయితే పీల్చడం సంగతి వదిలేసి, వదలడం మీద దృష్టి పెట్టండి. నాలుగు లెక్కపెట్టేంతసేపు ముక్కుతో మామూలుగా పీల్చి, ఆరు లెక్కపెట్టేంతసేపు మెల్లగా వదలాలి. ఛాతీ నిండా పీల్చకూడదు. అలా ఐదు నిమిషాలు చేయండి. అలిపిరి మెట్ల మీద గుంపుగా గోవింద నామం చెప్పేటప్పుడు గమనించండి: "గోవిందా..." అని సాగదీసినంతసేపూ ఊపిరి బయటికే పోతుంది, పీల్చేది నామానికీ నామానికీ మధ్య కాసింతే. ఇక్కడా అదే లెక్క. వెయిటింగ్ హాల్లో పైకి అనలేరు కాబట్టి మనసులో సాగదీసుకుంటూ ఊపిరి వదలండి.

బయట సర్దుకున్న ఊపిరి లోపల మళ్లీ చెడేది సెల్ఫ్ ఇంట్రడక్షన్ దగ్గర. బట్టీ పట్టినదాన్ని ఒకే గుక్కలో అప్పజెబుతారు, తిరుమల కాలిదారిలో నిటారుగా ఉండే మోకాళ్ల మెట్టు ఎక్కుతూ ఫోన్ మాట్లాడినట్టు. రాసుకున్న కాగితం మీద ప్రతి వాక్యం చివర పెన్సిల్‌తో గీత పెట్టండి. గీత దగ్గర నోరు మూసి, మిగిలిన గాలి ముక్కుతో వదిలి, అప్పుడు తర్వాతి వాక్యం. ఇంట్లో రికార్డ్ చేసి వినండి. మీకు మరీ నెమ్మదిగా ఉందనిపిస్తే వినేవాళ్లకు సరిగ్గా ఉన్నట్టు.

సమస్య: ప్రశ్న బుర్రకెక్కలేదు

"ఇంకోసారి చెప్తారా సార్" అనండి, ఎవరూ మార్కులు కోయరు. ఇంగ్లీషు ఆగిపోతే తెలుగులో చెప్పొచ్చా అని అడగండి.

మిగతావి

ఏసీ చలి, బిగుతు కాలర్, కరిచే కొత్త షూ: ముందురోజే వేసుకుని తిరగండి. దడ తగ్గుతుందని స్నేహితుడు చెప్పిన మాత్ర మెడికల్ షాపులో కొనుక్కోవద్దు, వాటిలో కొన్ని ఆస్తమా ఉన్నవాళ్లకు ప్రమాదం. ఇంటర్వ్యూ లేని రోజుల్లో కూడా దడ, ఛాతీ నొప్పి వస్తుంటే నా దగ్గరికి కాదు, డాక్టరు దగ్గరికి వెళ్లండి.