లగ్జరీ ఎస్‌యూవీని మట్టిదారిలోకి దించే ముందు జాగ్రత్తలు

ధర కోటి దాటినంత మాత్రాన బండి ఎక్కడికైనా వెళ్తుందనుకోవద్దు. ముందు లో రేంజ్ గేర్ (బండిని మెల్లగా, ఎక్కువ బలంతో కదిలించే అదనపు గేర్) ఉందో లేదో చూసుకోండి. ల్యాండ్ రోవర్ డిఫెండర్‌లో, మెర్సిడెస్ జీ క్లాస్‌లో ఉంటుంది. బీఎండబ్ల్యూ ఎక్స్5, ఆడి క్యూ7లలో ఉండదు. అది లేని బండికి కంకర రోడ్డు, ఎండిన పొలం బాట చాలు. రాళ్ల ఎత్తులు, లోతైన బురద వద్దు.

టైర్లు: అసలు టెన్షన్ ఇక్కడే. 21, 22 అంగుళాల రిమ్ములకు వేసే టైరు సైడ్‌వాల్ (పక్క గోడ) బాగా పొట్టిగా ఉంటుంది. రాయి అంచు తగిలితే అది చీలుతుంది, రిమ్ము కూడా వంగుతుంది. ఆ కోతకు పంక్చర్ కిట్ పనికిరాదు. వీలైతే 18 అంగుళాల రిమ్ములు, మట్టిదారికీ రోడ్డుకూ పనికొచ్చే ఆల్ టెర్రెయిన్ టైర్లు వేయించండి. పూర్తి సైజు స్టెప్నీ లేకుండా అసలు కదలొద్దు. ఇసుకలో గాలి తగ్గించాలి కాబట్టి తిరిగి నింపే కంప్రెసర్ వెంట ఉండాలి.

నీళ్లు: ఎయిర్ సస్పెన్షన్ (గాలితో బండి ఎత్తు పెంచే ఏర్పాటు) ఉన్న డిఫెండర్ 900 మిల్లీమీటర్లు, జీ క్లాస్ 700 మిల్లీమీటర్ల లోతు వరకు దిగగలవని కంపెనీలు చెబుతాయి. పారే వాగులో ఆ అంకెను నమ్ముకోకండి. మోకాలి లోతు ప్రవాహం కూడా బండిని పక్కకు నెట్టేయగలదు.

టోయింగ్ హుక్: ఇరుక్కున్న బండిని లాగడానికి తాడు తగిలించే కొక్కెం ఇది. చాలా బండ్లలో దీన్ని బంపర్ మీద చిన్న మూత వెనక బిగించాలి. బయల్దేరే ముందే బిగించేయండి. బంపర్ బురదలో కూరుకున్నాక ఆ మూత చేతికి అందదు.

తోడుగా ఇంకో బండి తప్పనిసరి.