హైదరాబాద్ నుంచి డల్లాస్‌కి దూరం, ప్రయాణ సమయం లెక్కేయడం ఎలా?

టికెట్ మీద రాత్రి 10కి బయలుదేరి మర్నాడు ఉదయం 9:30కి దిగుతుందని ఉంటే, "పదకొండున్నర గంటలే కదా" అనేస్తారు చాలామంది. ఇది విన్న ప్రతిసారీ నాకు బాధేస్తుంది, ఎందుకంటే ఆ లెక్క నమ్ముకుని పెద్దవాళ్లను మందులూ తిండీ సరిపడా లేకుండా విమానం ఎక్కిస్తున్నారు.

కావలసింది కాగితం, పెన్ను. ఫోన్‌లో వేస్తే తారీఖులు కలగాపులగం అవుతాయి, కాగితం మీదే వేయాలి.

ముందు దూరం. గోడమీది మ్యాప్‌లో స్కేలు పెట్టి కొలవకండి, గ్లోబు మీద దారం లాగి చూడండి. హైదరాబాద్, డల్లాస్ దాదాపు భూమికి చెరో పక్క ఉన్నాయి కాబట్టి ఆ దారం ఉత్తర ధ్రువం పక్కగా పోతుంది, సుమారు 14,400 కిలోమీటర్లు. దుబాయ్ మీదుగా వెళ్తే 2,550, తర్వాత 12,900, మొత్తం 15,450.

తర్వాత ఎగిరే సమయం. ఒక్కో విమానం దూరాన్ని 850తో భాగించి ముప్పావుగంట కలపండి. కొందరు 900తో భాగిస్తారు, అది పైన ఎగిరేటప్పటి వేగం, ఎక్కడం దిగడం అందులో లేవు. దుబాయ్‌కి సుమారు 4 గంటలు, అక్కణ్ణుంచి డల్లాస్‌కి 16. మధ్యలో ఆగేది 2 గంటలనుకుంటే మొత్తం 22.

ఇక అందరూ తప్పేది ఇక్కడే, నెమ్మదిగా చదవండి. టికెట్ మీద ప్రతి టైమూ ఆ ఊరి గడియారం ప్రకారమే వేస్తారు. అందుకే తీసివేత మొదలుపెట్టే ముందే అన్నిటినీ మన టైములోకి మార్చి, పక్కనే తారీఖు కూడా రాయాలి. దుబాయ్ మనకన్నా గంటన్నర వెనక, ఏడాది పొడవునా అంతే. డల్లాస్ అలా కాదు. మార్చి రెండో ఆదివారం నుంచి నవంబరు మొదటి ఆదివారం దాకా పదిన్నర గంటలు వెనక, మిగతా రోజుల్లో పదకొండున్నర. వేసవిలో అక్కడి ఉదయం 9:30 అంటే మనకు రాత్రి 8, అంటే ప్రయాణం 22 గంటలు. చలికాలంలో అదే 9:30 మనకు రాత్రి 9.

ఒకసారి నవంబరు మధ్యలో అమ్మ వెళ్తుంటే నేను పాత పదిన్నరే కలిపాను. ఎనిమిదికల్లా ఫోన్ వస్తుందని ఇంట్లో అందరం కూర్చున్నాం, తొమ్మిది దాటేదాకా రాలేదు, ఆ గంట పడ్డ టెన్షన్ ఇప్పటికీ మర్చిపోలేను. అప్పటినుంచి ముందు ప్రయాణం తారీఖు చూసి, ఆ తర్వాతే తేడా వేస్తున్నాను.

తిరుగు ప్రయాణంలో ఇదే తప్పు ఎదురు తిరుగుతుంది. వేసవిలో డల్లాస్‌లో మధ్యాహ్నం 12కి ఎక్కి మర్నాడు రాత్రి 9కి హైదరాబాద్‌లో దిగితే 33 గంటలని హడలిపోతారు. అక్కడి మధ్యాహ్నం 12 మనకు రాత్రి 10:30, కాబట్టి ఇరవై రెండున్నరే. పైగా పైన గాలులు పడమర నుంచి తూర్పుకి వీస్తాయి కాబట్టి వచ్చేటప్పుడు మామూలుగా ఎగిరే సమయం కొంత తగ్గుతుంది.