పాత బేస్‌బాల్ గ్లవ్స్ పోగేద్దామనుకుంటున్నారా, ముందు ఆ నూనె సీసా పక్కన పెట్టండి

మా వాడు టెక్సస్‌లోని ఫ్రిస్కోలో లిటిల్ లీగ్‌లో, అంటే పిల్లల బేస్‌బాల్‌లో, చేరేదాకా నాకు బేస్‌బాల్ అంటే పెద్ద సున్నా. మన క్రికెట్‌లో ఫీల్డింగ్ చేసేటప్పుడు కీపర్‌కి తప్ప ఇంకెవరికీ గ్లవ్స్ ఉండవు కదా, ఇక్కడ తొమ్మిది మందీ తలో తోలు సంచి తగిలించుకుని నిలబడ్డారేంట్రా బాబూ అని నవ్వుకున్నా కూడా. అలాంటోణ్ణి ఇప్పుడు ఇంట్లో 60 దాకా పాత గ్లవ్స్ సర్దుకున్నా, మా ఆవిడ వాటిని "నీ చెప్పుల కొట్టు" అంటుంది. ఈ మధ్య మనవాళ్ళు ఇద్దరు ముగ్గురు ఎలా మొదలెట్టాలి, ఎంత పెట్టాలి అని అడుగుతున్నారు, ప్రతిసారీ ఫోన్లో చెప్పే ఓపిక లేక రాసేస్తున్నా.

ముందు నేను తిన్న దెబ్బ చెప్తా, మీకు ఆ డబ్బులన్నా మిగుల్తాయి. ఒక గరాజ్ సేల్‌లో రాలింగ్స్ కంపెనీ గ్లవ్ కనిపించింది, అరచేతి మీద పాతకాలం పెద్ద ఆటగాడు మికీ మాంటిల్ సంతకం, గుండె ఆగినంత పనైంది, అమ్మేవాడు అడిగిన 180 డాలర్లూ బేరం కూడా ఆడకుండా ఇచ్చేసి దొంగసొత్తు తెచ్చుకున్నట్టు కార్లో పడేసుకుని వచ్చేశా. పక్కింటి ముసలాయన చిన్నప్పట్నుంచీ ఆట ఆడినవాడు, అది చూసి ఒకటే నవ్వు. పెన్నుతో పెట్టిన సంతకం కాదది, ఫ్యాక్టరీలో తోలు మీద గుద్దిన అచ్చు. షాపుల్లో పిల్లలకి అమ్మే గ్లవ్స్ మీద పెద్ద ఆటగాళ్ళ పేర్లు అలా గుద్ది అమ్మేవాళ్ళు, వీటినే స్టోర్ మోడల్ అంటారు. మనం చిన్నప్పుడు బ్యాట్‌కి ఎమ్మారెఫ్ స్టిక్కర్ అంటించుకుంటే అది సచిన్ బ్యాట్ అయిపోయిందా? ఇదీ అంతే. మోసం కాదు, తెలియక నేనే ఎక్కువ పెట్టా.

అలాగని స్టోర్ మోడల్‌ని తీసిపారేయకండి, మొదలెట్టాల్సింది వాటితోనే. 1950లు, 60ల నాటి మామూలు స్టోర్ మోడల్స్ నేను 20, 30, 40 డాలర్లకి చాలా కొన్నా, ఇప్పటికీ నాకు నచ్చినవి వాటిల్లోనే ఎక్కువ. దీనికి పైన ప్రో మోడల్, అంటే ఆటగాళ్ళు వాడే నాణ్యతతో చేసినవి. ఆ పైన ఫలానా ఆటగాడే మ్యాచ్‌లో వాడిన గ్లవ్, దాని జోలికి మొదటి రెండేళ్ళు వెళ్ళొద్దు, కాగితాలు ఫొటోలు సరిపోల్చి చూడ్డం వేరే విద్య.

చెయ్యి విషయంలో కొత్తవాళ్ళు అందరూ తికమక పడతారు. కుడిచేత్తో విసిరేవాడు గ్లవ్ ఎడమచేతికి వేసుకుంటాడు, అమ్మేవాళ్ళు ఆర్‌హెచ్‌టీ అని రాస్తే విసిరే చెయ్యి కుడి అని అర్థం. పాతకాలం పెద్ద ఆటగాళ్ళు బేబ్ రూత్, లూ గెరిగ్, స్టాన్ మ్యూజియల్ ముగ్గురూ ఎడమచేత్తో విసిరేవాళ్ళే, కానీ వాళ్ళ పేరుతో కుడిచేతి పిల్లల కోసం కూడా గ్లవ్స్ అమ్మారు, కాబట్టి రూత్ పేరున్న గ్లవ్ ఎడమచేతికి పట్టిందని డూప్లికేట్ అనుకోవద్దు, రూత్ సొంత గ్లవ్ మాత్రం కాదని తెలుస్తుంది అంతే.

ఇప్పుడు అసలు పని, వయసు కట్టడం. అమ్మేవాడు 1920 అంటాడు, వాళ్ళ తాతది అంటాడు, కథ వినండి కానీ నమ్మాల్సింది గ్లవ్‌నే. మొదట బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య చూడండి. అక్కడ ఏమీ లేకపోయినా, ఒక అంగుళం తోలు ముక్క కుట్టి వదిలేసినా అది బాగా పాత పద్ధతి. 1920 ప్రాంతంలో సెయింట్ లూయిస్ కార్డినల్స్ టీమ్ పిచర్ (మన బౌలర్ లాంటివాడు) బిల్ డోక్ రాలింగ్స్ వాళ్ళ దగ్గరికెళ్ళి ఆ సందులో తోలు తాళ్ళు అల్లితే బంతి ఇరుక్కోడానికి గూడులా ఉంటుంది కదా అన్నాడు, 1922లో పేటెంట్ కూడా వచ్చింది, ఆ గ్లవ్ మూడు దశాబ్దాలు అమ్ముడైంది. అప్పటిదాకా గ్లవ్ అంటే చేతికి దెబ్బ తగలకుండా కాపాడేది, అక్కణ్ణించి బంతిని పట్టేది అయింది. ఒకసారి ఆ తేడా చేతికి తొడుక్కుని చూస్తే ఇక మర్చిపోరు.

తర్వాత వేళ్ళు చూడండి. వేళ్ళు దేనికది విడివిడిగా కదుల్తుంటే 1940ల దాకా చేసిన రకం, వాటిని స్ప్లిట్ ఫింగర్ అంటారు. వేళ్ళ చివర్లు తాడుతో ఒకదానికొకటి కట్టి ఉంటే 40ల చివర్నించీ వచ్చిన రకం. 1957లో విల్సన్ కంపెనీ వాళ్ళు ఏ2000 అనే గ్లవ్ తెచ్చారు, పెద్ద సైజు, బంతి పడగానే ముడుచుకునే వీలు, ఈరోజు మా వాడు వాడేదానికీ దానికీ పెద్ద తేడా ఉండదు. కాబట్టి ఎవరన్నా వేళ్ళు కట్టేసి ఉన్న పెద్ద గ్లవ్ చూపించి ఇది 1930ల నాటిది అంటే నవ్వి ఊరుకోండి.

అన్నట్టు 1954కి ముందు ఫీల్డింగ్ అయిపోగానే ఆటగాళ్ళు గ్లవ్స్ గ్రౌండ్‌లోనే పడేసి బ్యాటింగ్‌కి పోయేవాళ్ళట, అవతల టీమ్ వాటి మధ్యనే ఆడేది, ఆ ఏడాది నుంచి రూల్ పెట్టి తీయించారు. అప్పటి గ్లవ్స్ ఎంత చిన్నవో చూస్తే ఎవరికీ ఎందుకు అడ్డం రాలేదో అర్థమవుద్ది.

వేళ్ళ చివర్లే లేని 1870ల, 80ల గ్లవ్స్ గురించి కూడా అడుగుతారు. 1875లో సెయింట్ లూయిస్ టీమ్‌కి ఆడే చార్ల్స్ వెయిట్ అనే ఆయన ఒంటి రంగు గ్లవ్ వేసుకున్నాడు, గ్లవ్ వేసుకుంటే పిరికోడంటారని భయం, ఎవరూ గమనించకూడదని ఆ రంగు. రెండేళ్ళకి ఆల్బర్ట్ స్పాల్డింగ్ నల్లది వేసుకుని బయటపడ్డాడు, ఆయనకి క్రీడా సామాన్ల కంపెనీ ఉంది లెండి. కథ బావుంటుంది కానీ కొనొద్దు, ఏ పని గ్లవ్‌కో వేళ్ళు కత్తిరించి చూపించినా మనకి తేడా తెలీదు.

మణికట్టు పట్టీ మీద గుడ్డ లేబుల్ ఉందా చూడండి, ఉంటే రేటు వేరు, చిరిగిపోయి దారాలే మిగిలితే వేరు. స్పాల్డింగ్, రీచ్, గోల్డ్‌స్మిత్, డి అండ్ ఎమ్, కెన్‌వెల్ లాంటి పాత కంపెనీల పేర్లు కనపడితే ఆగి చూడండి. జె.సి. హిగ్గిన్స్ అని ఉంటే అది సియర్స్ షాపు సొంత బ్రాండు, 1960ల మొదట్లో దాని స్థానంలో టెడ్ విలియమ్స్ పేరు తెచ్చారు, అలా కూడా వయసు తెలుస్తుంది. మేడిన్ జపాన్ అని ఉంటే చాలావరకు 60లు, ఆ తర్వాత. ఇక చెయ్యి లోపల పెట్టి తడమండి, లోపలి తోలు చిరిగిందా, గుండీలు తుప్పు పట్టాయా, వేలికి ఎర్రటి పొడి అంటుతోందా. ఆ ఎర్రపొడి వస్తే తోలు లోపల్నించి కుళ్ళిపోతున్నట్టే, ఎంత చవకైనా వదిలేయండి. లోపల ఏ పిల్లాడో పెన్నుతో పేరు రాసుకుని ఉంటే కొందరు పాడైందంటారు, నాకైతే అది ఉంటేనే ఇష్టం.

ఇప్పుడు నూనె సంగతి. నేను రెండో గ్లవ్ కొన్నప్పుడు, 1940ల స్ప్లిట్ ఫింగర్, ఎండిపోయి బిరుసుగా ఉంది, మనకి తెలిసిన వైద్యం ఒకటే కదా, ఇంట్లో ఉన్న కొబ్బరి నూనె తలకి పట్టించినట్టు పట్టించా. మొదటి రోజు మెత్తబడి మెరిసింది, భలే చేశా అనుకున్నా. నెల తిరిగేసరికి నల్లగా అయిపోయి, ఇటుకంత బరువై, మక్కు వాసన, అచ్చు గుద్దిన అక్షరాలు కూడా కలిసిపోయాయి, దాన్ని మళ్ళీ బాగు చేయడం ఎవరి తరమూ కాలేదు. ఇక్కడివాళ్ళు తోలుకి వాడే నీట్స్‌ఫుట్ ఆయిల్ (పశువుల కాళ్ళ నుంచి తీసే నూనె) కూడా తోలుని నల్లబరుస్తుంది, ఆడుకునే గ్లవ్‌కి ఓకే, దాచుకునేదానికి వద్దు.

చేయాల్సింది ఇంతే. మెత్తటి బ్రష్‌తో పొడిగా దుమ్ము దులపండి. మురికి ఇంకా ఉంటే శాడిల్ సోప్ (తోలు తుడిచే సబ్బు) గుడ్డకి కొంచెం, కొంచెమంటే నిజంగా కొంచెం, నురగతో తుడిచి నీడలో ఒకటి రెండు రోజులు ఆరనివ్వండి. తర్వాత లెక్సాల్ లాంటి లెదర్ కండిషనర్ పల్చగా ఒక్క పూత, ముందు ఎవరికీ కనపడని మూల రాసి రంగు మారుతోందేమో చూసుకుని. బూజు ఉంటే ఇంట్లోకి తేకండి, బయటే బ్రష్ చేసి, రబ్బింగ్ ఆల్కహాల్ గుడ్డకి తడిపి పైపైన తుడవండి. ఎండలో పెట్టడం, ఓవెన్‌లో వేడి చేయడం, మైక్రోవేవ్, ఇవన్నీ వీడియోల్లో చూపిస్తారు, చేయకండి. తెగిన తాళ్ళు మార్చాలని చేతులు దురద పెడతాయి, ఆగండి, అసలు తాళ్ళు ఉంటేనే విలువ, తప్పక మారిస్తే పాతవి కవర్లో వేసి పక్కన పెట్టండి.

దాచేటప్పుడు లోపల యాసిడ్ లేని టిష్యూ కాగితం కుక్కండి, న్యూస్‌పేపర్ వద్దు, సిరా అంటుద్ది. ప్లాస్టిక్ సంచిలో కట్టేస్తే చెమ్మకి బూజు గ్యారంటీ. నేను కూడా మొదట గరాజ్‌లోనే పెట్టా, టెక్సస్ ఎండకి గరాజ్, అటక రెండూ పొయ్యిలే, ఒక్క వేసవితో బుద్ధొచ్చి అన్నీ లోపలి గది అల్మారాలోకి మార్చేశా.

సంతకం పెట్టిన బంతులు కావాలంటే జేబూ బుర్రా రెండూ గట్టిగా పట్టుకోండి. లీగ్ అఫీషియల్ బంతుల మీద అప్పటి లీగ్ ప్రెసిడెంట్ పేరు అచ్చు ఉండేది, వయసు కట్టడానికి అంతకన్నా సులువు లేదు. ఇక్కడి రెండు పెద్ద లీగ్‌ల్లో ఒకటైన నేషనల్ లీగ్‌కి వారెన్ గైల్స్ ప్రెసిడెంట్ అయింది 1951లో, బేబ్ రూత్ పోయింది 1948లో. గైల్స్ పేరున్న బంతి మీద రూత్ సంతకం ఉందంటే రూత్ దయ్యమై వచ్చి పెట్టాలి. అలాగే లూ గెరిగ్ 1941లో పోయాడు, అమెరికా షాపుల్లో బాల్‌పెన్ అమ్మకం 1945లో మొదలైంది, బాల్‌పెన్ గెరిగ్ సంతకం చూస్తే దణ్ణం పెట్టి వచ్చేయండి. దొంగ సంతకాల వ్యాపారం చిన్నదేం కాదు, 1990ల్లో ఎఫ్‌బీఐ ఆపరేషన్ బుల్‌పెన్ పేరుతో ఒక పెద్ద ముఠానే పట్టుకుంది. 2001 నుంచి మేజర్ లీగ్ వాళ్ళే మ్యాచ్ సామాన్లకి హోలోగ్రామ్ వేస్తున్నారు, కొత్త వస్తువులైతే అది చూసుకోండి. ఆటగాళ్ళ బొమ్మలుండే కార్డుల సంగతి నన్నడక్కండి, 1952 మాంటిల్ కార్డు 2022లో 1.26 కోట్ల డాలర్లకి పోయింది, అది మన లోకం కాదు.

ఎక్కడ కొనాలంటే, నా మటుకు ఎస్టేట్ సేల్స్, అంటే ఒక ఇంటి సామానంతా అమ్మేసే చోట్లు, రెండో రోజు మధ్యాహ్నం, సగం రేటుకి దిగాక. ఈబేలో స్పెల్లింగ్ తప్పుగా కూడా వెతకండి, తెలియక అమ్మేవాళ్ళు రాలింగ్స్‌ని, స్పాల్డింగ్‌ని ఎన్ని రకాలుగా రాస్తారో. ఫొటోలో లేబుల్, అరచెయ్యి, లోపలి భాగం మూడూ కనపడకపోతే మెసేజ్ పెట్టి అడగండి, ఇవ్వకపోతే వదిలేయండి. మసాచుసెట్స్ వైపు ఉన్నోళ్ళు బ్రిమ్‌ఫీల్డ్ పాత సామాన్ల సంతకి వెళ్ళొచ్చు, ఏడాదికి మూడుసార్లు జరుగుద్ది.

డాలస్ చుట్టుపక్కల మనవాళ్ళైతే ఒక శనివారం నోకోనా ఊరికి పోయి రండి, ఫ్రిస్కో నుంచి గంటన్నర పైచిలుకు. 1930ల నుంచీ అక్కడ గ్లవ్స్ కుడుతున్నారు, అంతకు ముందు పర్సులూ గట్రా చేసేవాళ్ళు, ఊరి పేరు ట్రేడ్‌మార్క్‌గా ఇవ్వడం కుదరదంటే ఇంగ్లీషు స్పెల్లింగ్‌లో c తీసి k పెట్టి గ్లవ్స్‌కి నోకోనా అనే పేరే పెట్టుకున్నారు. రెండో ప్రపంచ యుద్ధంలో సైన్యానికీ చేసిచ్చారు, అందుకే ఈ చుట్టుపక్కల సేల్స్‌లో పాత నోకోనాల మీద ఒక కన్నేసి ఉంచండి. ఫ్యాక్టరీ చూడాలంటే ముందు ఫోన్ చేసి కనుక్కుని వెళ్ళండి.

వీటితో ఆడొచ్చా అని మా వాడు రోజూ అడుగుతాడు. 60ల తర్వాతవి, తోలు గట్టిగా ఉండి తాళ్ళు కొత్తవి వేసుంటే మెల్లగా క్యాచ్‌లు పట్టుకోవచ్చు, అలా వాడికి ఒక పాత నోకోనా ఇచ్చేశా. ఆ కొబ్బరి నూనె గ్లవ్ కూడా వాడికే ఇస్తానన్నా, వాసన చూసి వద్దన్నాడు.